టార్చి పట్టుకునే మనిషి

మార్చి పద్నాలుగు, శనివారం. ఆ ఉదయం ఆమె తిన్నది ఒక రొట్టె ముక్క, ఉడకబెట్టిన గుడ్డులో చిన్నాడు వదిలేసిన పచ్చసొన. అదీ నిలబడి, సింకు దగ్గర, గిన్నెలు కడుగుతూ. ఆ పచ్చసొన ఇంకా గొంతు దిగకముందే బయటినుంచి కేక వినబడింది.

"ఏమే, టార్చి పట్టుకుని రా! మొదలుపెడుతున్నాను."

మొదలుపెడుతున్నది కారు స్టీరింగ్ ర్యాక్ మార్చడం. స్టీరింగు చక్రం మనం తిప్పితే ముందు టైర్లు తిరగడానికి మధ్యలో పొడవాటి ఇనప గొట్టం ఒకటి ఉంటుంది, దాని లోపలి కడ్డీ అటూ ఇటూ జరిగి టైర్లను తోస్తుంది. దాన్నే ర్యాక్ అంటారు. వాళ్ళ కారుకి అది పాడై అయిదు నెలలైంది. ఆ సంగతి మొదట కనిపెట్టింది ఆమె. పిల్లల్ని బడికీ, అత్తగారిని మోకాలి డాక్టరు దగ్గరికీ, తనను తాను ఉద్యోగానికీ తీసుకెళ్ళేది ఆమే కనుక. అతను ఆఫీసు బస్సులో వెళ్తాడు.

"స్టీరింగు బరువెక్కిందండీ" అని మొదటిసారి చెప్పినప్పుడు, "బరువెక్కింది స్టీరింగు కాదు, నీ చేతుల్లో బలం తగ్గింది. పాలు తాగు" అన్నాడు. మలుపు దగ్గర భుజం పట్టేస్తోందంటే, "అందరూ తిప్పడం లేదా?" అన్నాడు. షెడ్డు నేలమీద నూనె మరక చూపిస్తే, "వంటింట్లోంచి నువ్వే ఒలకబోసి ఉంటావు" అని నవ్వాడు. నాలుగో నెలలో అతని స్నేహితుడొకడు బండి తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, "ర్యాక్ పోయిందిరా" అన్నాడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర, "ర్యాక్ పోయింది, నాకెప్పటినుంచో అనుమానం" అని అతను ప్రకటించాడు. ఆమె చెబితే ఒంటినొప్పి, స్నేహితుడు చెబితే ర్యాక్. ఆమె చిన్నాడి ముద్ద కలిపింది. మాటకి మాట అనడానికి కూడా ఓపిక కావాలి. రోజు చివరికి మిగిలే ఓపిక దేనికి వాడుకోవాలో ఆమెకు ఒక లెక్క ఉంది.

అతన్ని ఇంట్లో ఇంజినీరు అంటారు. చదివింది వేరే, చేసేది గుమాస్తా ఉద్యోగం. పదేళ్ళప్పుడు రేడియో విప్పదీశాడట, అప్పటినుంచీ ఆ పేరు. ఆ రేడియో మళ్ళీ పాడిందా లేదా అన్నది మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

ఆమె పని రక్తపరీక్షల ల్యాబులో. తొమ్మిదేళ్ళు. ల్యాబు నడిపే డాక్టరమ్మ ఊరికి అవతలి కొసన ఇంకో శాఖ తెరుస్తూ, దాని బాధ్యత ఆమెను తీసుకోమంది. పదహారో తేదీ, సోమవారం, తాళంచెవి ఆమె చేతిలో ఉంటుంది. ఉదయం ఏడింటికల్లా తలుపు తియ్యాలి, ఎందుకంటే వచ్చేవాళ్ళంతా ఏమీ తినకుండా, నీరసంగా, చేయి చాచుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు. ఆ వైపు మొదటి బస్సే ఏడింటికి. కారు లేకపోతే లేనట్టే. "సోమవారం నువ్వు రాకపోతే మరొకరిని పెట్టుకోక తప్పదమ్మా, తప్పుగా అనుకోకు" అని డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది.

పది రోజుల కిందట ఈ మాట ఇంట్లో చెప్పింది. అతను వద్దనలేదు. "చూద్దాం" అన్నాడు. చూద్దాం అనేది ఆ ఇంట్లో అటకలాంటిది. పన్నెండేళ్ళలో దానిమీదికి ఎక్కినదేదీ కిందికి దిగలేదు. పై చదువు ఎక్కింది, పుట్టింటికి ఒక నెల వెళ్ళి ఉండడం ఎక్కింది, ఈత నేర్చుకోవడం కూడా ఎక్కింది. అయిదు నెలలు పట్టించుకోని ర్యాక్ ఆ మర్నాడే అతనికి అత్యవసరమైంది. మరమ్మతు చేసిన ర్యాక్ ఒకటి తెచ్చాడు. షాపుకి ఇద్దామంటే, "వాడు చేసేదీ నేను చేసేదీ ఒకటే, పైగా నాకు ప్రేమ ఉంటుంది" అన్నాడు. ఆమెకు ఒక అనుమానం వచ్చింది. వెంటనే, ఛ, అలా అనుకోవడం పాపం అని దాన్ని నొక్కేసింది.

టార్చి పట్టుకోవడం ఒక పని అని ఎవరూ అనరు. కానీ పట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది. అతని చూపు ఎక్కడుందో అతనికంటే ముందు కనుక్కోవాలి. బోల్టు మీద వెలుగు పడాలి, అతని కళ్ళలో పడకూడదు. పదమూడో నంబరు స్పానరు అడగబోతున్నాడని అడగకముందే తెలియాలి, అడిగింది పద్నాలుగు అయితే తప్పు ఆమెదే. నడుం వంచి, మెడ పక్కకి తిప్పి, మోకాళ్ళు గచ్చుమీద ఆనించి, మధ్యలో పొయ్యిమీద పాలు చూసి రావాలి. వస్తే, "ఎక్కడికి పోయావ్? చీకట్లో నా వేలు తెగేది" అంటాడు. సాయంత్రానికి చొక్కా అతనిది నల్లబడుతుంది, ఉతికేవి ఆమె చేతులు. చూసినవాళ్ళు మాత్రం, "ఆయనే చేసుకున్నాడట, ఒక్కడే!" అంటారు.

అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "మావాడికి చిన్నప్పటినుంచీ ఇనుమంటే ప్రాణం" అంది. ఎవరికి చెప్పిందో తెలీదు. విప్పి పక్కన పెట్టిన టైరుమీద చిన్నాడు కూర్చున్నాడు. పెద్దది ఇంట్లో చదువుకుంటోంది.

కారుతో పాటు వచ్చిన పాత మరమ్మతు పుస్తకం ఒకటుంది. నాలుగు రోజులుగా ఆమె దాన్ని, కూరలు తరుగుతూ, పక్కన తెరిచి పెట్టుకుని చదివింది. ల్యాబులో నేర్చిన అలవాటు. పని ఎవరు చేసినా సరే, ఏం జరగబోతోందో ముందు తెలిసి ఉండాలి. పుస్తకంలో నల్లటి అక్షరాలతో ఒక హెచ్చరిక ఉంది. చక్రాన్ని ర్యాక్‌కి కలిపే కడ్డీ విప్పేముందు స్టీరింగు చక్రం కదలకుండా కట్టెయ్యాలి. చక్రం కింద గడియారం స్ప్రింగులా చుట్టిన పలచని తీగల పట్టీ ఉంటుంది. హార్నుకీ, ప్రమాదంలో మనిషిని కాపాడే గాలితిత్తికీ కరెంటు దాంట్లోంచే వెళ్తుంది. కింద కడ్డీ లేనప్పుడు చక్రం అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతుంది, పట్టీ తెగుతుంది.

అందుకని ఆమె సీటు బెల్టు లాగి, చక్రం మధ్యలోంచి పోనిచ్చి, కొక్కెంలో తగిలించింది.

అది చూసి అతను పగలబడి నవ్వాడు. "దీనికి బెల్టెందుకే? పారిపోతుందనా?"

"పుస్తకంలో ఉందండీ."

"పుస్తకం చూసి ఈదేవాళ్ళు మునిగిపోతారు." ఆ తర్వాత ఆమె పాత ర్యాక్ కొసల్లో టైర్లకి తగిలే కడ్డీలు ఎంత పొడవు బయటికున్నాయో స్కేలుతో కొలిచి, ల్యాబు పెన్నుతో చేతిమీద రాసుకుంటుంటే, "ఇదేమైనా రక్తపరీక్షా?" అన్నాడు. అత్తగారు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఇలాంటప్పుడు నవ్వేస్తే పని తొందరగా అయిపోతుంది.

మధ్యాహ్నం చక్రాన్ని ర్యాక్‌కి కలిపే కడ్డీ విడిపోయింది. అతను లేచి ఒళ్ళు విరుచుకుని, చిన్నాణ్ణి ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. బెల్టు తీసేశాడు. "చూడరా, ఇప్పుడు ఎలా తిరుగుతుందో! గిరగిరా!" అని చక్రాన్ని ఒక్క తోపు తోశాడు.

"వద్దండీ" అని ఆమె అనేలోపే అది నాలుగైదు చుట్లు తిరిగింది. చిన్నాడు కేరింతలు కొట్టాడు. ఎక్కడో లోపల, అగ్గిపుల్ల విరిగినంత చప్పుడు వినబడింది.

"ఏదో తెగిందండీ."

"నీ మొహం. ఏం తెగుతుంది? టార్చి ఇలా పట్టు."

నాలుగింటికి పాత ర్యాక్ బయటికొచ్చింది. అతను దానితో ఫొటో దిగాడు. చేతులు కడుక్కుని, కొత్తది గోడకి ఆనించి, "మిగతాది వచ్చే వారం" అన్నాడు.

"సోమవారం నాకు కారు కావాలి కదండీ."

"సోమవారమా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "ఆ సంగతి మనం ఇంకా ఏమీ అనుకోలేదుగా! నువ్వు ఆరింటికి పోతే పిల్లల్ని ఎవరు లేపుతారు? డబ్బాలెవరు కడతారు? నేనా?"

నేనా అని, ఆ మాట తనకే ఎంతో తమాషాగా తోచినట్టు నవ్వాడు. కోపంగా అనుంటే ఆమె ఏదో జవాబు చెప్పేది. అది చెడ్డ నవ్వు కూడా కాదు. చిన్నాడు ఏనుగుకి చెప్పులు తొడుగుదామంటే నవ్వుతాడే, అలాంటి నవ్వు. చేతిలో ఆర్పిన టార్చితో ఆమె అలాగే నిలబడిపోయింది. నొక్కేసిన అనుమానం ఇప్పుడు పైకి వచ్చి తీరిగ్గా కూర్చుంది. అతను కావాలని చేశాడని కాదు. కావాలని చెయ్యాల్సిన అవసరం కూడా అతనికి లేదు. కారు, టైర్లు లేకుండా, నాలుగు ఇనప స్టాండ్ల మీద అలా నిలబడి ఉంటే చాలు, సోమవారం దానంతట అదే దాటిపోతుంది. ఎవరూ ఆమెను వద్దన్నట్టు ఉండదు.

మర్నాడు ఆడపడుచు ఇంట్లో భోజనానికి పిలుపు. పొద్దున్నే అతను పిల్లల్ని తయారుచెయ్యమన్నాడు. చేసింది. జడలు వేసింది, చిన్నాడికి బూట్ల తాళ్ళు కట్టింది. చివర్లో, "నేను రానండీ" అంది.

"తలనొప్పా?"

"కాదు."

అతను కారణం తనే వెతికి ఇచ్చాడు. "పోన్లే, ఇల్లు సర్దుకో, ఖాళీ దొరికింది కదా." అత్తగారు కూడా మోకాలు వంక పెట్టి ఉండిపోయింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక ఆమె అతని పాత ప్యాంటు వేసుకుంది. జుట్టు ముడి వేసి, పైన గుడ్డ కట్టింది. బాటరీ తీగ విప్పే ఉందని చూసింది, స్టాండ్లు నాలుగూ కదిపి చూసింది, పుస్తకం ప్లాస్టిక్ సంచిలో పెట్టి టైరుకి ఆనించింది. కిందికి దూరింది. దూరాక గానీ తట్టలేదు, టార్చి ఎవరు పట్టుకుంటారు?

పళ్ళతో పట్టుకుని చూసింది. దవడ నొప్పెట్టింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించింది. జారిపోయింది. విసుగొచ్చి దాన్ని కారు అడుగు రేకు వైపుకి తోసింది. ఠక్కుమని చప్పుడైంది. టార్చి అక్కడే రేకుకి అతుక్కుని, ఎక్కడ కావాలో అక్కడే వెలుగు పోస్తూ నిలబడింది. లాగి చూసింది. దాని అడుగున అయస్కాంతం ఉంది. ఈ టార్చి కొని మూడేళ్ళు. అంతకు ముందు ఇంకోటి, దానికి ముందు ఇంకోటి. మూడేళ్ళుగా, ఈ వస్తువుకి మనిషే అక్కర్లేదు.

ఆమెకు నవ్వొచ్చింది. వెల్లకిలా పడుకుని, మట్టి కళ్ళలో పడుతుంటే, ఒక్కతే నవ్వింది. నవ్వు ఆగాక ఏడుపొస్తుందేమో అని కాసేపు ఆగి చూసింది. రాలేదు. బోల్టు అందుకుంది.

ర్యాక్ బరువు చిన్నాడు పుట్టిన ఏడాదికి ఎంత ఉన్నాడో అంత ఉంది. పొట్టమీద పెట్టుకుని, ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో కన్నం వెతుక్కోవాలి. రెండుసార్లు జారింది. మూడోసారి ఎత్తబోతుంటే తలకింద ఏదో మెత్తగా తగిలింది. అత్తగారు దిండు తోసింది.

"తల గచ్చుకి కొట్టుకుంటోంది, చూడలేకపోతున్నాను" అంది అత్తగారు, కారు పక్కన చతికిలబడి. ముసలావిడ మోకాలు సంగతి ఆమెకు తెలుసు. అలా కూర్చోవడమే ఒక ప్రయాణం. "అమ్మాయ్, నీకు తెలుసా ఏం చేస్తున్నావో?"

"పుస్తకం చూసి చేస్తున్నానత్తయ్యా."

"వాడు చూళ్ళేదుగా పుస్తకం?"

"చూళ్ళేదు."

"ఊఁ" అంది. రెండు గంటలు, అడిగిన స్పానరునల్లా అందించింది. నంబర్లు కనబడక, "ఇదా? ఇంకా లావుదా?" అంటూ. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఒకసారి చెంబుతో నీళ్ళు తెచ్చి, మూత తీసి, కిందికి వంగి తాగించింది. పన్నెండేళ్ళలో ఆ చేతినుంచి అందుకున్న మొదటి నీళ్ళు అవేనని ఆమెకు అప్పుడు తట్టింది. మరుక్షణం, ముసలావిడకి కూడా ఎవరైనా ఎప్పుడైనా ఇలా ఇచ్చారా అనిపించింది.

చేతిమీద రాసుకున్న కొలత స్నానంలో చెరగకుండా రాత్రే కాగితంమీద దింపుకుంది. ఆ కొలతకే కొత్త కడ్డీలు అమర్చింది. ఎంత బిగువు ఇవ్వాలో చూపే స్పానరు అతని పెట్టెలో ఉంది, కవరు కూడా విప్పకుండా. విప్పింది. ప్రతి బోల్టూ పుస్తకంలో ఉన్నంతే బిగించి, ఒక చుక్క తెల్లరంగు పెట్టింది. టైర్లు ఎక్కించి, కారు కిందికి దించి, బాటరీ తగిలించి, స్టీరింగు నూనె పోసింది. ముందు టైర్లు మళ్ళీ కొంచెం పైకెత్తి, చివరి పని మొదలుపెట్టింది. ఒకరు నూనె చూసుకుంటూ ఉండాలి, ఒకరు చక్రాన్ని ఈ కొసనుంచి ఆ కొసకి నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి, లోపలి గాలి పోయేదాకా.

"అత్తయ్యా, మీరు కూర్చుంటారా?"

"ఎక్కడ?"

"డ్రైవరు సీట్లో."

"ఛీ, నేనా!" అంది అత్తగారు. కానీ అప్పటికే లేస్తోంది. తలుపు పట్టుకుని, ఒక కాలు, తర్వాత నొప్పి కాలు, లోపల పెట్టి కూర్చుంది. రెండు చేతులూ చక్రంమీద, వేడి గిన్నె ముట్టుకున్నట్టు పెట్టింది. "ఎటు?"

"ఎటైనా. నెమ్మదిగా."

చక్రం తిరిగింది. ముసలావిడ కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంత తేలికా? నలభై ఏళ్ళనుంచి పక్కన కూర్చుని, అబ్బో, ఎంత కష్టపడి నడుపుతున్నారో అనుకున్నానే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె చెయ్యి చాచి హార్ను నొక్కింది. మోగలేదు. ముందు అద్దం కింద గాలితిత్తి ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

"ఏమైంది?"

"నిన్న చక్రం గిరగిరా తిప్పారు కదత్తయ్యా. అప్పుడు తెగింది. నేను విన్నాను."

అత్తగారు చక్రంమీద చేతులు తియ్యకుండానే చెప్పింది. "రేడియో కూడా మళ్ళీ పాడలేదమ్మాయ్."

వీధి చివర టైర్ల వరస సరిచూసే షాపు ఆదివారం కూడా ఉంటుంది. నడక వేగంతో అక్కడికి తీసుకెళ్ళింది. షాపతను కిందికి దూరి ఒక్కో బోల్టూ తడిమి చూసి, తెల్లచుక్కలు చూసి బయటికొచ్చాడు. "ఏ షాపులో చేశారు మేడమ్?"

"ఇంట్లోనే. నేనే."

అతను ఆమె వేళ్ళు చూశాడు. వరస సరిచేశాక, "ర్యాక్ బాగా కూర్చుంది. తేడా కూడా వెంట్రుకవాసే" అన్నాడు. "ఆ తీగపట్టీ రేపు సాయంత్రానికి తెప్పిస్తాను. అందాకా పిల్లల్ని ఎక్కించకండి, మీరు కూడా నెమ్మదిగా వెళ్ళండి." ఎవరో ఒక పరాయివాడు, పని చూసి, పనిలాగే మాట్లాడాడు. ఇంటికొచ్చి చేతులు కడుక్కోకముందే డాక్టరమ్మకి ఫోన్ చేసి, "రేపు ఏడింటికి తలుపు తీస్తానండీ" అని చెప్పింది.

పొద్దుగూకే వేళకి వాళ్ళొచ్చారు. కారు నేలమీద ఉండడం చూసి అతను దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. లోపల కూర్చుని చక్రం తిప్పాడు. కాసేపటికి స్నేహితుడికి ఫోన్ చేస్తున్నాడు. "అయిపోయిందిరా, ఇంట్లోనే. రెండు రోజులు పట్టింది. ఆఁ, వెన్నలా తిరుగుతోంది." అంతలో హార్ను నొక్కాడు. ఫోన్ పెట్టేసి, "ఏమే, హార్ను మోగట్లేదేం? ఏం చేశావ్ దీన్ని?" అని అరిచాడు. అయిదు నిమిషాల్లో స్టీరింగు అతని పనీ, హార్ను ఆమె తప్పూ అయిపోయాయి.

ఆమెకు కోపం రావాలి. రాలేదు, అంత అలసిపోయి ఉంది. "నిన్న మీరు చక్రం తిప్పినప్పుడు పట్టీ తెగిందండీ. రేపు సాయంత్రం వేయిస్తాను" అంది, ల్యాబులో ఫలితం చదివినట్టు. "పొద్దున ఆరుంపావుకి బయల్దేరతాను. పిల్లల్ని ఆరున్నరకి లేపాలి. పెద్దది తనే తయారవుతుంది, చిన్నాణ్ణి మాత్రం రెండుసార్లు లేపాలి. డబ్బాలు కట్టాలి. బడికి నడిచి వెళ్ళొచ్చు, ఇరవై నిమిషాలు."

"ఎవరు? నేనా?" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

"మీరే."

అతను చుట్టూ ఒకసారి చూశాడు. గుమ్మంలో తల్లి కనబడింది. ముఖంలోకి ధైర్యం వచ్చింది. "సరేలే, అమ్మ ఉందిగా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

నిజమే, అత్తగారు ఉంది. అది అడగకుండానే తీరిపోయే పని. తను దించిన బరువు ఇంకో నొప్పి మోకాలిమీద పడుతుంది, ఇల్లు ఎప్పటిలాగే నడుస్తుంది. ఆ రాత్రి భోజనాలయ్యాక ఆమె గిన్నెలు తోముతూ, పోనీ నాలుగింటికే లేచి తనే అన్నీ చేసి వెళ్దామా అని లెక్క వేసుకుంది. లెక్క కుదురుతుంది. ఇన్నేళ్ళూ అలాగే కుదిరింది.

అత్తగారు తన గదికి వెళ్తూ వంటింటి గుమ్మంలో ఆగింది.

"అమ్మాయ్, నాలుగింటికి లేద్దామనుకుంటున్నావు కదూ?"

ఆమె ఇంకో గిన్నె అందుకుంది.

"లేవకు. నేను కూడా లేవను." ముసలావిడ గొంతు తగ్గించింది. "లేవగలను. నాకు నిద్దరెక్కడిది, మూడింటికే తెలివొస్తుంది. కానీ నేను లేస్తే వాడు పడుకుంటాడు. వాడు పుట్టినప్పటినుంచీ వాడికంటే ముందే లేచాను. నేను లేచి లేచే, వాణ్ణి ఇలా చేశాను. రేపు పిల్లలు ఏడ్చినా, పాలు పొంగినా, వాడు పిలిచినా, పలకను. చెవుడొచ్చిందనుకోనీ."

ఆమె కుళాయి కట్టేసింది. ఏదో అనబోయింది.

"ఏం అనకు. పడుకో" అంది అత్తగారు. వసారాలో దీపం ఆర్పి, గోడ పట్టుకుని నెమ్మదిగా తన గదిలోకి వెళ్ళి, ఎప్పుడూ ఓరగా ఉంచే తలుపుని, చప్పుడు కాకుండా, పూర్తిగా వేసుకుంది.